కెటిల్‌లో మా ఆడపడుచు

లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం, ఉన్నదాన్ని లేనట్టు చూపించడం. ఈ రెండింటిలో దేవుడు దేన్ని పెద్ద అబద్ధంగా లెక్కవేస్తాడో నాకు ఇన్నేళ్లయినా తేలలేదు. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. పొద్దున్నే దీపం పెట్టుకుని, వచ్చిన నాలుగు స్తోత్రాలు చదువుకుని ఇంటిపనిలో పడే మనిషిని. అయినా ఒక వానాకాలం నుంచి ఈ సందేహం నా వెంటే తిరుగుతోంది.

మా ఆయనది మొదటి రకం పని. దుకాణాల్లో అమ్మే వస్తువులకు స్టూడియోల్లో ఫొటోలు తీస్తారు కదా, తేనెసీసాకో సబ్బుకో చేతిగడియారానికో, ఆ వస్తువు కిందా వెనకా కనిపించే నేలనూ గోడనూ ఆయన తయారుచేస్తారు. ఫొటోలో సబ్బు పాలరాతి మీద ఉన్నట్టుంటుంది. అక్కడ పాలరాయీ లేదు, పాడూ లేదు. పల్చటి ప్లైవుడ్ పలక మీద పుట్టీ పూసి, గరుకు కాగితంతో రుద్ది, రంగు మీద రంగు వేసి, పక్షి ఈకతో సన్నగా గీతలు లాగితే అదే పాలరాయి. ఇనుప బ్రష్షుతో గీకి, టీ డికాక్షన్ పట్టించి ఆరబెడితే అదే తాతల నాటి బల్ల. ఫొటోగ్రాఫర్లు వచ్చి ఆ పలకల్ని అద్దెకు తీసుకెళ్లేవాళ్లు. అందరూ ఆయన్ని పలకల మేస్త్రి అనేవాళ్లు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "ఇది జనాన్ని మోసం చెయ్యడం కాదాండీ?" అని.

"మాట్లాడేది సబ్బు. నేను దాని వెనక నోరు మూసుకుని నిలబడతాను, అంతే. నిలబడినందుకు కూడా పాపమేనంటావా?" అని నవ్వేశారు.

ఆ వానాకాలం మొదట్లో మా ఆడపడుచు ఆటోలో వచ్చి దిగింది. చేతిలో ఒక్క బ్యాగు, నెత్తిన ప్లాస్టిక్ సంచి. ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. మనిషి పిట్టంత ఉంటుంది, ఒకచోట కుదురుగా ఉండదు. మా మావయ్యగారు బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. మామూలుగా మాట్లాడినా చివరి సీటు దాకా వినబడుతుంది. ఆ రోజు మాత్రం ఆయన గొంతు పక్కసీటు దాటలేదు.

"ఒక్క ఫోన్ కూడా చెయ్యకుండా ఇదేంటమ్మా?"

"చేస్తే రావద్దంటారని," అంది పిచ్చుక జుట్టు పిండుకుంటూ.

అత్తింట్లో ఏం జరిగిందని ఎవరం నిలదీయలేదు. మర్నాడు నాతోపాటు కూరగాయలు తరుగుతూ తనే చెప్పింది. "కొట్టలేదు, తిట్టలేదు వదినా. మాట్లాడటం మానేశారు, ఇంటిల్లిపాదీ. నేను గదిలోకి వస్తే టీవీ సౌండ్ పెంచేవాళ్లు. కొన్నాళ్లకి నేను నిజంగానే ఉన్నానా అని నాకే అనుమానం వచ్చింది. గ్లాసు కింద పడేసి చూశాను. చప్పుడైంది. హమ్మయ్య, ఉన్నాను అనుకున్నాను." చెప్పి తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం మావయ్యగారు మమ్మల్ని కూర్చోబెట్టారు. "వానలు తగ్గేదాకా ఈ సంగతి బయటికి పొక్కకూడదు. ఈలోగా వాళ్ల కోపాలు చల్లారితే వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. నలుగురి నోళ్లలో పడిందా, ఇక అతకదు. అమ్మాయి మేడ మీద ఉంటుంది. ఎవరైనా అడిగితే అత్తింట్లో బాగుందని చెప్పండి."

మా ఆయన తలూపారు. నేనూ ఊపాను. పెద్దాయన మాట కాదనలేక ఊపానని చెప్పుకుంటే నాకు హాయిగానే ఉంటుంది. కానీ వీధిలో నలుగురూ ఆగి అడిగే ప్రశ్నలు అప్పటికే నా చెవిలో గింగురుమంటున్నాయి. ఆయన చెప్పకపోయినా నేనే చెప్పేదాన్నేమో.

మేడ మీద రేకుల షెడ్డు మా ఆయన పనిచేసుకునే చోటు. వానల్లో ఆయనకు నరకం. పుట్టీ ఆరదు, పలక అప్పడంలా వంకర తిరుగుతుంది, రంగు పైపైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. పలకల్ని తెచ్చి వంటింట్లో పొయ్యి పక్కన నిలబెట్టేవారు. వాటికి తగలకుండా నేను పక్కకు నడుస్తూ వండేదాన్ని. పైన ఊరికే కూర్చోలేక పిచ్చుక ఒక రోజు స్పాంజి చేతిలోకి తీసుకుంది. వారం తిరిగేసరికి ఆమె పలకలు వేరేగా కనిపించడం మొదలుపెట్టాయి. మా ఆయన వేసిన రాయి అప్పుడే గనిలోంచి తీసినట్టుండేది. పిచ్చుక చేతిలో అదే రాయి ఏళ్ల తరబడి వాన తాగినట్టుండేది. కిటికీలోంచి ఎదుటి గోడ మీది చెమ్మను చూసి, ఆ మరకల్ని అలాగే పలక మీదికి దింపేది. నాచు రంగు కోసం ఆకులు నలిపి చూసేది, నచ్చక కడిగేసేది, మళ్లీ కలిపేది.

అదే సమయానికి మాకు బాగా తెలిసిన ఫొటోగ్రాఫర్ స్టూడియో పైకప్పు కారడం మొదలైంది. వాన నీళ్లు లైట్ల మీద పడుతున్నాయని లబోదిబోమంటూ వచ్చాడు. మా ముందుగదికి పెద్ద కిటికీ ఉంది. ఈ సీజను వరకూ అక్కడ ఫొటోలు తీసుకుంటానన్నాడు. మా ఆయన కాదనలేదు. మా ముందుగది స్టూడియో అయిపోయింది. సోఫా గోడకు చేరింది. మధ్యలో ఎత్తుబల్ల, దాని మీద ఒక పలక, వెనక ఇంకో పలక, వెలుగు తిప్పడానికి తెల్లటి థర్మోకోల్ షీట్లు.

ఫొటోగ్రాఫర్ సరదా మనిషి. నోరు ఊరుకోదు. ఒక పలకను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం మేస్త్రీ, ఇన్నాళ్లూ ఈ చెయ్యి ఎక్కడ దాచావు? ఇది గోడా, గోడ ఫొటోనా? పట్టుకుంటే చెయ్యి తడవలేదు కానీ, తడుస్తుందేమో అనుకున్నా!" అన్నాడు.

నేను టీ కప్పులతో గుమ్మంలో ఉన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు. "ఏదో... వానలు కదా," అన్నారు. ఆ మాటకు అర్థమేంటో ఆయనకూ తెలియదు.

అంతలో పైన ఎవరో స్టూలు జరిపినట్టు చప్పుడైంది. ఫొటోగ్రాఫర్ తల పైకెత్తాడు. "పైన ఎవరున్నారు?"

"పిల్లి," అన్నారు మా ఆయన.

"స్టూళ్లు జరిపే పిల్లా? జీతమిచ్చి పనిలో పెట్టుకో మేస్త్రీ, సామాన్లు మోయిద్దాం!"

ఆ రోజు భోజనాల దగ్గర పిచ్చుక గ్లాసు నా ముందుకు జరిపి, "పిల్లికి కాసిని పాలు పొయ్యి వదినా," అంది. ఎవరం తలెత్తలేదు. మావయ్యగారు చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయారు.

ఇంకో రోజు, ఈమధ్యే పక్కింట్లోకి వచ్చిన టైలరమ్మ గోడ మీదుగా పలకరించింది. ఆమె మిషను చప్పుడులో కూడా పొరుగింటి గుసగుస వినగలదు. "మీ మేడ మీద ఎవరో పాడుతున్నారే! గొంతు భలే ఉందండీ. చుట్టాలొచ్చారా?"

"రేడియో అండీ," అన్నాను.

నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. వెనక్కి తిరిగితే మెట్ల మీద పిచ్చుక ఉంది, ఆరేసిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని. విన్నది. మళ్లీ పైకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లి, "అది కాదే, ఏదో నోటికొచ్చింది..." అంటూ నసిగాను.

"పరవాలేదులే వదినా. అక్కడేమో కనిపించేదాన్ని, మాట్లాడేవాళ్లు లేరు. ఇక్కడ మాట్లాడుతున్నారు, కనిపించకూడదు. రెండూ ఒకేచోట దొరికే ఇల్లెక్కడైనా ఉంటే చెప్పు, బ్యాగు సర్దుకుంటాను." నవ్వుతూనే అంది. ఆ తర్వాత మేడ మీద పాట వినబడలేదు.

దీపం పెడుతుంటే ఆ రోజుల్లో స్తోత్రం మధ్యలో ఆగిపోయేది. నీ కంటికి కనబడే మనిషిని మేం ఊరికి కనబడనివ్వడం లేదు, దీనికి నువ్వేమంటావు స్వామీ, అని అడగాలనిపించేది. అడిగితే జవాబు తెలిసిపోతుందేమోనని భయం. వత్తి సరిచేసి లేచి వచ్చేసేదాన్ని.

కెటిల్ సంగతి వానలు బాగా ముదిరాక వచ్చింది. బజార్లోని పెద్ద పాత్రల కొట్టువాళ్లు స్టీలు కెటిల్‌కు నిలువెత్తు పోస్టరు కావాలన్నారు. స్టీలు వస్తువంటే ఫొటోగ్రాఫర్లకు హడలు. అది అద్దం లాంటిది, ఎదురుగా ఏముంటే అది మింగేస్తుంది. అందుకని చుట్టూ తెల్లగుడ్డ గుడారంలా కట్టి, చిన్న సందులోంచి తీస్తారు. ఆ రోజూ అలాగే కట్టారు. వెనక పిచ్చుక వేసిన పలక, నల్లటి తడిగోడ, దాని అంచున నాచు.

ఫొటోగ్రాఫర్ చాలాసేపు తీసి, కెమెరాలో చూసుకుని మూతి ముడిచాడు. "గుడ్డ చుట్టేసరికి కెటిల్ కాస్తా సున్నం డబ్బాలా తయారైంది. కిటికీ వెలుగు ఒక్క చారైనా పడితే దీనికి ప్రాణం వస్తుంది. ముందు గుడ్డ తీసేద్దాం మేస్త్రీ. మిగతాది కంప్యూటర్‌లో తుడిపించుకుంటాలే."

గుడ్డ తీశాడు. మా ఆయన బల్ల పక్కన గొంతుక్కూర్చుని, కింది పలకా వెనక పలకా కలిసేచోట గీత కనబడుతోందేమో చూస్తున్నారు. నేను వంటింట్లోంచి తొంగిచూస్తే, లోపలి గది కర్టెన్ల మధ్య పిచ్చుక నిలబడి ఉంది. ఫొటోగ్రాఫర్ వీపు వెనక. మా ఆయన పాత చొక్కా వేసుకుని, బ్రష్షు పళ్ల మధ్య పెట్టుకుని, లైట్ల కింద తన పలక ఎలా ఉందో చూసుకుంటోంది. నేను కంగారుగా చెయ్యూపాను. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది. నేను మళ్లీ చెయ్యూపాను. అప్పుడు వెళ్లిపోయింది. ఎవరూ చూడలేదు, బతికిపోయాం అనుకున్నాను. బల్ల మీద ఎదురుగా కూర్చుని చూస్తున్నదాన్ని లెక్కలోకి తీసుకోవాలని నాకు తట్టలేదు.

అచ్చువేసే ముందు ఫొటో మా ఆయనకు చూపించారు. ఆయన ఎప్పటిలాగే వెనక గోడ చూసుకుని సరేనన్నారు. కెటిల్ బొజ్జలో కనిపిస్తున్న ఫొటోగ్రాఫర్‌నూ స్టాండునూ కంప్యూటర్‌లో తుడిచేశారట. కర్టెన్ల మధ్య ఉన్నది తలుపు నీడనుకుని వదిలేశారట.

పోస్టరు కట్టిన కొద్ది రోజులకే పెద్దమ్మగారు వచ్చారు. ఆవిడ మావయ్యగారి అక్క. ఊళ్లోనే ఉంటారు కానీ, వానల్లో గడప దాటరు. అలాంటి మనిషి గొడుగు కూడా ముడవకుండా లోపలికి వచ్చి నిలబడ్డారు.

"కెటిల్ కొందామని వెళ్లానురా తమ్ముడూ. అందులో నీ కూతురు కనబడింది."

మావయ్యగారు పేపరు పక్కన పెట్టారు. "ఎవరో అయ్యుంటారక్కా."

"ఎవరో? నోట్లో పుల్ల పెట్టుకుని, ఒక కాలి మీద ఇంకో కాలు ఆనించి కొంగలా నిలబడేది మన ఇంట్లో ఎంతమందిరా? పలక మీద అక్షరాలు దిద్దే వయసు నుంచీ దానిది అదే వాటం. అప్పుడు బలపం, ఇప్పుడు బ్రష్షు. కొట్టువాడు కళ్లజోడు కావాలా అమ్మా అన్నాడు. నాకెందుకు, మా తమ్ముడికివ్వమన్నాను! పోయిన వారం ఫోన్లో అడిగితే పిల్ల బ్రహ్మాండంగా ఉందన్నావు. కెటిల్‌లో కాపురం పెట్టిందని చెప్పలేదేం?"

మెట్ల మీద చప్పుడైంది. పిచ్చుక కిందికి వచ్చింది. వేళ్లకు పచ్చరంగు.

"నేనే అత్తయ్యా. నేనే ఎవరికీ చెప్పొద్దన్నాను. నాన్న చెప్తానంటూనే ఉన్నాడు. నేనే ఒట్టు పెట్టించుకున్నాను."

మావయ్యగారు అవునని అనలేదు, కాదనీ అనలేదు. కాలి బొటనవేలి వంక చూస్తూ కూర్చున్నారు. మా ఆయన గోడకు ఆనించిన పలకను తీసి, మళ్లీ అక్కడే పెట్టారు. నాకు నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. గొడుగు మీది నీళ్లు నేల మీద పడి, మడుగు కట్టి, నా కాళ్ల దాకా వచ్చాయి. నేను గుడ్డ తెచ్చి తుడిచాను. ఆ పూట నేను చేసిన పని అదొక్కటే.

పెద్దమ్మగారు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చారు. చివరికి పిచ్చుక గడ్డం పట్టుకుని, "నీకు అబద్ధం ఆడటం చేతకాదే తల్లీ. ఈ ఇంట్లో పుట్టి కూడా నేర్చుకోలేదు," అని, టీ తాగకుండానే వెళ్లిపోయారు.

ఆవిడ వీధి మలుపు తిరిగాక మావయ్యగారు కొడుకుతో అన్నారు, "ఆ బొమ్మ తీయించెయ్."

మా ఆయన వెళ్లి వచ్చారు. "తీయరట నాన్నా. ఆ మేరకు కనబడకుండా స్టిక్కరు అంటిస్తారట. రేపు."

"పలక ఎలా వచ్చిందన్నయ్యా?" అని అడిగింది పిచ్చుక. "నాచు నాచులా ఉందా, రంగులా ఉందా?"

మా ఆయన చొక్కా మార్చుకోవడానికి వెళ్తున్నవారు ఆగిపోయారు. "చూడలేదమ్మా," అన్నారు. "నీ బొమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూ... గోడ వంక చూడనేలేదు." పుట్టినప్పటి నుంచి వెనకది తప్ప ముందుది చూడని మనిషి ఆయన. ఆ మాట ఆయన నోట వినడం నాకు బాధగా అనిపించింది.

మర్నాడు పొద్దున్న దీపం ముందు కూర్చున్నాను. స్తోత్రం ఎత్తుకుంటే మొదటి మాట కూడా రాలేదు. లేచి మేడ మీదికి వెళ్లాను.

"చెప్పులేసుకో. బజారుకెళ్దాం."

"వదినా, మతి ఉండే అంటున్నావా? పట్టపగలు!"

"పగలైతేనే కదా నీ నాచు సరిగ్గా కనబడేది."

వరండాలో మావయ్యగారు ఉన్నారు. "ఎక్కడికి?"

"బజారుకండీ."

"ఇద్దరూనా?"

"ఇద్దరమేనండీ."

ఆయన నోరు తెరిచారు. చివరి సీటు దాకా వినిపించే ఆ గొంతు కోసం నేను మెట్టు మీదే ఆగి, తలవంచుకుని ఎదురుచూశాను. అది రాలేదు. ఆయన పేపరు మడతపెట్టి, మళ్లీ విప్పారు. మేము గేటు తీసుకుని బయటపడ్డాం.

కొట్టు ముందు పోస్టరు తలుపంత ఉంది. కెటిల్ బొజ్జలో కిటికీ చార, ఆ చార చివర జానెడు మనిషి. నిజంగానే కొంగలా ఉంది. పిచ్చుక ఆ బొమ్మ వంక చూడలేదు. తల పక్కకు వాల్చి గోడను చూసింది. "కుడి మూల పచ్చదనం ఎక్కువైంది. ఇంకో పూత బూడిదరంగు పడాల్సింది," అని పెదవి విరిచింది. మళ్లీ చూసి, "కానీ గోడే, కదూ?" అంది.

"గోడే," అన్నాను.

కొట్టాయన స్టూలెక్కి స్టిక్కరు వెనక కాగితం ఒలుస్తున్నాడు. "కొత్త సరుకు" అని ఎర్రటి అక్షరాలు.

"అది అంటించకండి," అన్నాను.

"పలకల మేస్త్రిగారేనమ్మా అడిగింది! నిన్న వచ్చి మరీ బతిమాలారు."

"నేనూ ఆ ఇంటి మనిషినే. అక్కర్లేదంటున్నాను." పోస్టరు వైపు చెయ్యి చూపించాను. "ఆ వెనక గోడ వేసింది ఈ అమ్మాయి. మా ఆడపడుచు. తన పని తను చూసుకుంటూ నిలబడింది. అందులో కప్పెట్టాల్సిందేముంది?"

ఆయన ఒకసారి పోస్టరునూ, ఒకసారి పిచ్చుకనూ చూశాడు. "ఓరి, ఈ అమ్మాయేనా! మరక అనుకుని మా కుర్రాడు రెండుసార్లు గుడ్డతో తుడిచాడు," అంటూ దిగిపోయి, ఒలిచిన స్టిక్కరును ఎక్కడ పెట్టాలో తెలియక తన బల్లకే అంటించుకున్నాడు. పిచ్చుక పకపకా నవ్వింది. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో.

తిరిగి వస్తూ మా వీధి మొదట్లో నా అడుగు ఆగింది. సన్నగా తుంపర పడుతోంది. పిచ్చుక అలవాటుగా గొడుగు ముఖం మీదికి దించుకుంది.

నేను ఈ వీధికి కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాకు తల ఎత్తాలంటే సిగ్గు. నాకు ఎడమకన్ను కాస్త మెల్ల. పెళ్లిలోనే ఆ గుసగుసలు విన్నాను. నీళ్ల బిందె కోసం బయటికి రావడానికి కూడా భయపడేదాన్ని. ఆ రోజుల్లో బడికి వెళ్లే పిల్ల పిచ్చుక. ఒక సాయంత్రం నా చిటికెన వేలు పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఈ వీధిలో ప్రతి గుమ్మం ముందూ నన్ను నిలబెట్టి, "ఇదిగో, మా వదిన" అని చూపించింది. "బాగుంది కదా?" అని అడిగి, బాగుందని వాళ్లచేత అనిపించేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. ఇంటికి చేరేసరికి నేను తలెత్తుకునే నడుస్తున్నాను. దానికి బదులు నేనేమీ ఇవ్వలేదు. ఇవ్వాలన్న ఆలోచన కూడా అన్నేళ్లలో రాలేదు.

గొడుగు ఆమె చేతిలోంచి తీసుకుని ముడిచేశాను. చిటికెన వేలు పట్టుకున్నాను.

"ఏంటి వదినా?"

నడిపించుకుంటూ వెళ్లి మొదటి గుమ్మం ముందు ఆగాను. ఇస్త్రీ చేసే పెద్దాయన బొగ్గులు విసురుకుంటున్నాడు. "ఇదిగోనండీ, మా ఆడపడుచు. మా ఇంట్లోనే ఉంటోంది," అన్నాను. ఆమెను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషే, అయినా కొత్తగా చూసినట్టు విసనకర్ర ఆపి నమస్కారం పెట్టాడు. తర్వాతి గుమ్మంలో కూర్చున్న ముసలావిడకు చెప్పాను. ఆవిడకు చెవుడు, రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. అరిచి చెప్పడమే బాగుంది. టైలరమ్మ మిషను ఆపి గుమ్మంలోకి వచ్చి, "అయితే ఆ గొంతు ఈ అమ్మాయిదేనన్నమాట! ఎన్నాళ్లుంటుందండీ?" అంది.

"ఉంటుందండీ," అన్నాను.

"ఎన్నాళ్లని?"

"ఉంటుందని చెప్తున్నాను కదండీ. పిల్ల బాగుంది కదా?"

టైలరమ్మ నన్ను వింతగా చూసింది. "బాగుందండీ," అంది చివరికి.

తుంపర కాస్తా వానగా మారింది. పిచ్చుక తల వంచుకుని ఉంది, ముఖమంతా తడి. "చాలు వదినా. తడిసిపోతున్నాం, ఇంటికి పోదాం," అంది.

"ఇంకా రెండిళ్లున్నాయి, నడు," అన్నాను.